పిల్లల కోసం ఆపిన మడి

చెప్పెయ్యాలి. రేపు పిల్లలు రావడం లేదు చంద్రమ్మా అని గబుక్కున, ఊపిరి కూడా తీసుకోకుండా చెప్పేసి, వచ్చిన దారినే పోవాలి. ఎంతని, అయిదు మాటలు. పొద్దున్నించి సాయంత్రం దాకా నలభై రెండు మంది మీద గొంతు చించుకునేదానికి అయిదు మాటలు రావా? రావట్లేదు. బొంబాయి రోడ్డు మీద బస్సు దిగి, బండల మధ్య బండ్లబాట పట్టి మాదాపూర్ దాకా గంటసేపు నడిచినంతసేపూ ఆ మాటలే అటు తిప్పి ఇటు తిప్పి వల్లె వేసుకుంటూ వచ్చాను. తీరా వచ్చి చూద్దును కదా, చంద్రమ్మ మోకాళ్ల దాకా చీర ఎగదోపుకుని నారుమడిలో వంగి ఉంది. నారు పీకుతోంది. రేపటికి, నా బడిపిల్లల కోసం. నన్ను చూసి నడుము నిమురుకుంటూ లేచి మొహమంతా నవ్వు చేసుకుంది. "రేపు రమ్మంటె ఇయ్యాల్నే వస్తివా టీచరమ్మా! కూసో కూసో. ఆయన నీళ్ల కోసం పోయిండు, గిప్పుడే వస్తడు" అంది. ఏ నీళ్లు చంద్రమ్మా అన్నాను. "ఏ నీళ్లేంది? మీ మడికే. సెర్ల నీళ్లు తక్కువున్నయని తూము తెరిసే నీరటి మొగిలి వంతులు వెట్టిండు గద. మన వంతు ఎన్నడో ఐపాయె. పిలగాండ్లు వస్తె కాళ్ల కింద బురద ఉండాలెనా వద్దా? పక్క పొలం వీరేశం వంతు నడుస్తాంది, ఒక్క పూట ఇడువుమని బతిమాలుకుంట పోయిండు." అలా అని మళ్లీ వంగింది. నేను బండమీద కూర్చుండిపోయాను. నా కోసం ఒక పెద్దమనిషి ఎవరి గుమ్మం ముందో నిలబడి నీళ్లు అడుక్కుంటున్నాడు, నేనిక్కడ నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నాను.

ఎక్కడ మొదలైంది ఈ తద్దినం? బియ్యపు చెట్టు దగ్గర మొదలైంది. ఏడో తరగతికి వరి పాఠం చెబుతుంటే వీరలక్ష్మి లేచి, "టీచర్, బియ్యపు చెట్టు మామిడిచెట్టంత ఉంటుందాండీ?" అని అడిగింది. క్లాసులో ఒక్కళ్లూ నవ్వలేదు. ఎవరైనా నవ్వితే ఆ ఒక్కరికైనా తెలుసని సంతోషించేదాన్ని. మాది ఫ్యాక్టరీ బడి, అందరూ అక్కడ పనిచేసేవాళ్ల పిల్లలే, తెనాలి నుంచి, తణుకు నుంచి, అమలాపురం నుంచి వచ్చినవాళ్ల పిల్లలు. వాళ్ల తాతల గోళ్లలో ఇంకా బురద పోయి ఉండదు. వీళ్లకేమో బియ్యం గోనెసంచిలో పుడుతుంది. ఆ సాయంత్రమే క్వార్టర్స్‌కి కూరగాయల గంపతో వచ్చే చంద్రమ్మని పట్టుకుని, మా పిల్లల చేత మీ పొలంలో నాటు వేయిస్తావా అని అడిగాను. "సదువుకున్నోళ్లు మా కాడ నేర్చుకునుడేంది టీచరమ్మా, మంది నవ్వరా!" అని గంప దించకుండానే పకపకా నవ్వింది. ఆదివారం నేనే ఇక్కడికొచ్చి ఆమె భర్త బాలనర్సయ్యను అడిగాను. ఆయన నవ్వలేదు. పిల్లలు చూసిపోవడం కాదు, మోకాళ్ల దాకా దిగి తమ చేతుల్తో నాటాలి అని నేను చెప్పిందంతా తలవంచుకుని విన్నాడు. ఉన్న మూడు మళ్లలో బాట పక్కనున్న మడి చూపించి, "గిది మీ పిలగాండ్లది. మీరొచ్చేదాక దీంట్ల ఎవ్వల్ల దిగనియ్య. మాటిస్తున్న" అన్నాడు. నేనేమన్నాను? తేదీ నేను చెబుతానండీ, అప్పటిదాకా ఆపండి అన్నాను. ఆ మాట అనకుండా నా నాలుక పడిపోయినా బాగుండేది.

నారుకి కూడా తేదీ ఉంటుందని నాకు తెలియదు. తెలియకేం, ఇరవై అయిదు నుంచి ముప్పై రోజుల వయసు గల నారు నాటవలెను అని ఏటేటా బోర్డు మీద రాసి, కింద గీత గీసి, పిల్లల చేత ఎక్కాల్లా అప్పజెప్పించుకున్నదాన్నే. అది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అనుకున్నాను కానీ ఒక మనిషి ఏడాది తిండి అనుకున్నానా? నా సంచిలో ఇప్పుడు కూడా ఆ నోటుబుక్కుంది. ఎర్రసిరాతో శీర్షిక, నల్లసిరాతో వివరాలు. ఎనిమిదిన్నరకు బస్సు బయలుదేరుట. తొమ్మిదింబావుకు పొలము చేరుట. నారు పీకుట, నాటుట, కాళ్లు కడుగుకొనుట పదిహేను నిమిషములు. కాళ్లు కడుక్కోడానికి పదిహేను నిమిషాలు రాశానమ్మా మహాతల్లిని, ఆ కడుక్కునే నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయో ఒక్క ముక్క రాయలేదు. జులై నాలుగో శనివారం అన్నాను. యూనిట్ పరీక్షలు కానివ్వండి అన్నారు మా హెడ్మాస్టరు పార్థసారథిగారు. తరువాతి శనివారం అన్నాను. ఫ్యాక్టరీ బస్సు ఎవరింట్లోనో పెళ్లికి వెళ్లింది. ఆ పైవారం అన్నాను. పదిహేనో తారీకు పరేడుకి రిహార్సళ్లు, పిల్లల్ని ఎండలో అలసగొట్టకండి అన్నారు. చివరికి రేపటికి ఒప్పుకున్నారు. ప్రతిసారీ గుమ్మంలో నిలబడి చంద్రమ్మకి వచ్చేవారం అని కబురు చెప్పడం, ఆమె గంప తలకెత్తుకుంటూ "కానియ్ టీచరమ్మా, మల్ల దున్నుతడు" అనడం. మల్ల దున్నుతడు అంటే ఏమిటో నేను అడగలేదు. ఆపిన మడి ఎండిపోతే మళ్లీ నీళ్లు కట్టి, మళ్లీ దున్ని, మళ్లీ బురద చేయాలని, ఆ పని ఆయన మూడుసార్లు చేశాడని ఇవాళ ఈ బండమీద కూర్చున్నాకే తెలిసింది.

చంద్రమ్మకి చేతులూ ఆగవు, నోరూ ఆగదు. పీకిన నారు వేళ్లు కడిగి చిన్న చిన్న కట్టలు కడుతోంది, మామూలుగా కట్టే వాటిలో సగం కూడా లేవు. "పిలగాండ్ల శేతికి అందాలె గద" అంటోంది. ఆపు చంద్రమ్మా, పీకిన నారు మళ్లీ నారుమడిలో అతుక్కోదు, ఆపు. ఊహూఁ, పెగల్లేదు. ఆమె ఇంకో కట్ట కట్టింది. అది నా ఖాతాలోకే. ఇక్కడి ఆడవాళ్లు బదలు పోతారట, ఇవాళ ఈమె పొలంలో పదిమంది, రేపు ఇంకొకరి పొలంలో అదే పదిమంది. చంద్రమ్మ వంతు వచ్చిన రోజు పదిమందీ రెండు మళ్లు నాటేసి ఈ మూడో దాంట్లో కాలు పెట్టబోతే బాలనర్సయ్య గట్టుమీద చేతులడ్డం పెట్టి నిలబడ్డాడట. టీచరమ్మకు మాటిచ్చిన, ఎవ్వలు దిగొద్దు అన్నాడట. "గా సత్తెమ్మ లేదూ, అది నోరు మూసుకుంటదా? మాట నాటితె వడ్లు పండుతయా మామా అని నవ్వింది. అందరు నవ్విన్రు. ఈయన మల్ల గంతే. ఊరంత చెప్పుకున్నడు టీచరమ్మా, మా పొలం బడి ఐతది, సదువుకున్న పిలగాండ్లు నా కాడ నేర్చుకుంటరు అని." చంద్రమ్మ ఇది కంప్లయింటుగా చెప్పడంలేదు. మురిసిపోతూ చెబుతోంది. నారు పీకుతూ ఒక పిలకను వేళ్ల మధ్య నలిపి చూసుకుని, నవ్వు కొంచెం తగ్గించి, "జర ముదిరింది. కణుపేసింది. ఏం గాదు తియ్యి, దగ్గర దగ్గర నాటితె సరి" అంది. ఏం కాదుట. అది నన్ను ఓదార్చడానికి అందని నాకు తెలుసు, యాభై అయిదు రోజుల నారు.

ఇవాళ పన్నెండు గంటలకి ఆఫీసు రూములోకి పిలిచారు. పార్థసారథిగారు మంచివారు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కనీసం తిట్టుకోడానికైనా వీలుండేది. పక్కన తల్లిదండ్రుల సంఘం పెద్ద వెంకటనారాయణగారు, చేతిలో ఇరవై సంతకాల కాగితం. "ఏవండీ సుందరిగారూ, ఆ బురదలోంచి బయటపడెయ్యడానికి మా నాన్న నన్నెంత కష్టపడి చదివించాడో మీకేం తెలుసండీ? మీరు మళ్లీ నా కూతుర్ని తీసుకెళ్లి అందులోనే దింపుతానంటారు" అన్నారు. ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. పాములంటారు, జలగలంటారు, అరవై తొమ్మిదిలో మన క్వార్టర్ల మీద రాళ్లేసింది ఆ ఊళ్ల వాళ్లే కదా అంటారు. ఏ ఊరివాళ్లు వేశారో ఎవరు చూశారు? రాళ్లు పడ్డ వారంలో కూడా చంద్రమ్మ దొడ్డి గుమ్మంలోంచి వచ్చి మా ఇంటికి తోటకూర ఇచ్చిపోయింది. ఆ మాట అక్కడ చెప్పొచ్చు కదా, చెప్పలేదు. పార్థసారథిగారు కళ్లజోడు తుడుచుకుంటూ, "పోనీ ఓ కుండీలో నాటించండి. కాదూ కూడదంటే చందానగర్ దారిలో ద్రాక్షతోటలున్నాయి కదండీ, బస్సు కిటికీలోంచి చూపించి తీసుకొచ్చేద్దాం" అన్నారు. అలాగేనండి అన్నాను. అలాగేనండి! ఎంత నున్నగా జారిందో నా నోట్లోంచి. నలభై ఒక్కేళ్లు వచ్చినా అదే మాట. వెనక తోట వద్దు సుందరిగారూ, సైకిల్ స్టాండు కడదాం అంటే అలాగేనండి. పుస్తకాల బీరువాకి తాళం వేసి ఉంచండి, పిల్లలు చింపుతారు అంటే అలాగేనండి. ఇంటికెళ్తే మా ఆయన రామబ్రహ్మంగారు పేపరు దించకుండానే, నీకెందుకే ఈ గోల, పాఠం చెప్పు, జీతం తీసుకో అంటే, దానికీ అంతే. బాలాత్రిపురసుందరి అని అమ్మవారి పేరు పెట్టారు నాకు, నా మొహానికి. ఇరవై సంతకాల ముందు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కుదరదండీ, అక్కడొకాయన నా మాట మీద మడి ఎండబెట్టుకుని కూర్చున్నాడు అని బల్ల గుద్దలేకపోయాను. గుద్దినా ఏమీ జరిగేది కాదేమో. కానీ ఇప్పుడీ బండమీద నాకు నేనే ఇంత నీచంగా కనిపించేదాన్ని కాదు.

అదిగో బాలనర్సయ్య. గట్టు మీద పరుగులాంటి నడకతో వస్తున్నాడు, భుజాన పార, పంచె తొడల దాకా తడిసి ఉంది, నీళ్లు తనే తెరిచి వచ్చినట్టున్నాడు. దూరం నుంచే చెయ్యెత్తి అరిచాడు. "దొరికినయ్ టీచరమ్మా! ఇయ్యాల మాపటిసంది రేపు పొద్దుగాల్ల దాక నీళ్లు మనయే! ఫికర్ జెయ్యకు!" చంద్రమ్మ నడుము ఎత్తింది. "ఏమిస్తనంటివి?" అంది. "ఏముంది? పై మళ్ల వంతులు రెండు వీరేశంకు ఇడ్సిన." "రెండా?" "వాన పడ్తది తియ్యి. పెద్దోళ్ల పిలగాండ్లు వస్తరాయె, ఎండిన మట్టిల నిలవెట్టి పంపుదామా?" చంద్రమ్మ పైకి, నాటిన రెండు మళ్ల వైపు చూసింది. నిలదొక్కుకుంటున్న పచ్చటి పైరు. దానికి రావాల్సిన నీళ్లు కూడా పోయాయి. నేను వచ్చిన వెంటనే చెప్పి ఉంటే చంద్రమ్మ పరుగెత్తి వెళ్లి ఆయన్ని ఆపేదేమో. వీరేశం పొలం ఎంత దూరమని, అదిగో, కనబడుతూనే ఉంది. గంటసేపు నోరు మూసుకుని కూర్చుని ఆ రెండు వంతులూ నేనే మింగాను. లేచి నిలబడ్డాను.

"నర్సయ్యగారూ, రేపు పిల్లలు రారు."

"గట్లనా. మరి ఎల్లుండా?" అన్నాడు.

"ఎల్లుండి కాదండీ. ఇంక రారు. వద్దన్నారు. మధ్యాహ్నమే వద్దన్నారు." చివరి మాట ఎందుకన్నానో తెలియదు, దాచితే ఊపిరాడేట్టు లేదు. ఆయన పార భుజం మీద నుంచి దించి నేలమీద నిలబెట్టాడు. దాని పిడికంటిన బురద బొటనవేలితో తుడిచాడు. తిడతాడనుకున్నాను, తిట్టాలని దేవుడికి మొక్కుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, పరాయివాళ్లు వినకుండా అడిగినట్టు అడిగాడు. "మేమేమన్న తప్పు జేసినమా టీచరమ్మా?"

లేదండీ, తప్పంతా నాదేనండీ అన్నాను. ఏడుపొచ్చింది. సిగ్గులేని ఏడుపు. ఎవరి కొంప మునిగింది, ఎవరేడుస్తున్నారు! "నీదేంది తల్లీ, నౌకరి జేసేటిదానివి, నీ శేతుల ఏమున్నది" అని ఆయనే నన్ను సముదాయించాడు. పోనీ వీరేశం దగ్గరికి వెళ్లి ఆ వంతులు వెనక్కి అడగండి, నేనూ వస్తాను, నేనే చెబుతాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "నీళ్లు తెరిసినం గదమ్మా. వాడు తన మడికి కట్టిన నీళ్లు ఆపి మనకిచ్చిండు. ఇచ్చిన మాట మల్లేం తీస్కుంటం?" ఆ మాట అంటుండగానే కాలవలో నీళ్లు వచ్చాయి. ఎండుటాకుల్ని తోసుకుంటూ, సన్నగా చప్పుడు చేసుకుంటూ వచ్చి మడి మూలలో పరుచుకున్నాయి. బాలనర్సయ్య చప్పున వెళ్లి పారతో గండి వెడల్పు చేశాడు. చంద్రమ్మ తను కట్టిన చిన్న చిన్న కట్టలు రెండు చేతుల్లో ఎన్ని పడితే అన్ని తీసుకుని నీళ్లు చేరిన మూలలో దిగింది. బదలు ఆడవాళ్లు ఇవాళ ఇంకెవరి పొలంలోనో ఉన్నారు. వాళ్ల రుణం ఈ పొలానికి ఎప్పుడో తీరిపోయింది, ఇక పిలిచినా రారు. మగవాళ్లు నాటు వేయరు, ఆయన కట్టలు అందిస్తాడు, అంతే. మడి ఎంత పెద్దదో అప్పుడు చూశాను. ఒక్క ఆడమనిషి వంగిన వీపు దానిలో ఓ మూల ఎక్కడో ఉంది. పీకిన నారు రేపటికి వాడిపోతుంది, నీళ్లు రేపటికి ఉండవు, మరి నేనేం చేయను? సంచి బండమీద పడేసి, చెప్పులు వదిలి, చీర కుచ్చెళ్లు పైకి దోపి దిగిపోయాను.

బురద చీలమండలు దాటి పట్టుకుంది. వెచ్చగా ఉంది పైన, లోపల చల్లగా. పడబోయి నిలదొక్కుకున్నాను. చంద్రమ్మ వద్దనలేదు, రమ్మనలేదు. మూడు పిలకలు తీసి బొటనవేలితో అదిమి ఒక్కసారి చూపించింది. వెనక్కి వెనక్కి జరగాలని చేత్తో సైగ చేసింది. నాటాను. ఇంకోటి నాటాను. నడుం పట్టేసింది, పట్టనీ. గోళ్లలోకి బురద పోయింది, పోనీ. ఒక వరస అయింది, వంకరదే అయినా వరసే. అందులో సగం ఇంకో వరస. ఎంతసేపో తెలియదు, కళ్లముందు ఆ పచ్చటి పిలకలు నిలబడి ఉంటే మనసులో మధ్యాహ్నం నించి ఉన్న రొద ఆగిపోయింది. ఏం పోయింది, ఈ మూల మాత్రం నేను నిలబెడతాను, రేపు సెలవు చీటీ పడేసి మళ్లీ వస్తాను, ఎల్లుండి వస్తాను, ఆయనకు ఈ మడి దక్కేదాకా వస్తాను అనుకున్నాను. పిచ్చిగా అనుకున్నాను, మొండిగా అనుకున్నాను, ఎవ్వరికీ అలాగేనండి చెప్పను అనుకున్నాను. నీళ్లు కొంచెం పెరిగాయి. నేను నాటిన మొదటి పిలక ఒరిగింది. తరువాతది లేచి తేలింది. దాని పక్కది కూడా తేలింది. వరస వరసంతా ఒక్కొక్కటే లేచి నీళ్ల మీద పడుకుని గట్టు వైపు కొట్టుకుపోతోంది. చేతులు చాచి పట్టుకుని మళ్లీ గుచ్చాను. లోతుగా గుచ్చాను. పుటుక్కున విరిగింది. ఇంకోటి గుచ్చాను. చంద్రమ్మ తన వరస వదిలేసి, నా పక్కకొచ్చి, తేలినవన్నీ ఏరి, నా ముందే ఒక్కొక్కటీ మళ్లీ నాటడం మొదలుపెట్టింది. నేను ఇంకా తొందరగా నాటాను. ఆమె ఇంకా తొందరగా ఏరింది. అవతల ఆమె వదిలేసి వచ్చిన వరస సగంలో ఆగిపోయి ఉంది, పొద్దు బండల వెనక్కి దిగుతోంది.

ఆమె నడుం ఎత్తి, మోచేత్తో చెంప తుడుచుకుని, నా మొహంలోకి చూడకుండా అంది. "ఏమనుకోకు టీచరమ్మా. నువ్వు నాటినకాడల్లా నేను మల్ల నాటవడితి. పొద్దు పోతాంది. జర ఒడ్డెక్కి కూసో."

విసుగ్గా అనలేదు. ఒడ్డెక్కాను.